అద్దె ఇంటికీ ఓ గడప ఉంటుంది



ఈవేళ నేను మాట్లాడబోయేది వంటల గురించీ కాదు, పిల్లల పెంపకం గురించీ కాదు. అద్దె ఇంట్లో ఉండే మనకీ, ఆ ఇల్లు గలవారికీ మధ్య నడిచే ఒక తగువు గురించి. తగువు అనడం కూడా సరికాదేమో. చాలా ఇళ్ళల్లో ఆ మాట పైకి రానే రాదు, మనసులోనే నలుగుతూ ఉంటుంది. ఇంటివారు చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చేస్తారు. మనం చేతిలో పని వదిలేసి "రండి పిన్నిగారూ, కూర్చోండి" అంటాం. ఆవిడ గదులన్నీ ఓసారి కలయచూసి, స్టవ్వు మీద ఏముందో మూత తీసి చూసి వెళ్ళిపోతారు. తలుపు వేసుకున్నాక మనలో మనం విసుక్కుంటాం. రాత్రి ఆయన ఇంటికి రాగానే చెబుతాం. ఆయన "పోనీలెద్దూ, పెద్దావిడ" అంటారు. మళ్ళీ మర్నాడు మామూలే.

మీలో చాలామందికి ఇది అనుభవమే అయి ఉంటుంది. నా అనుభవం కూడా చెబుతాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు.

2003లో మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడ మీద వాటాలో దిగాం. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా. అద్దె పద్దెనిమిది వందలు, మూడు నెలల అడ్వాన్సు. కింద ఇంటివారు. ఇంటావిడ మంచి మనిషే. దిగిన రోజు మాకు భోజనం పంపింది, పాలవాణ్ణి కుదిర్చింది. రెండో తాళం చెవి ఆవిడ దగ్గరే ఉండేది. "ఎప్పుడైనా అవసరపడుతుందమ్మా" అంటే నేనూ సరేనన్నాను. అప్పటికి నాకు అంతకన్నా తెలియదు.

నేను బజారుకి వెళ్ళి వచ్చేసరికి వంటింటి కిటికీ మూసి ఉండేది. "వాన పడేలా ఉందని మూశాను" అనేది ఆవిడ. ఇంకోసారి ఫ్రిజ్‌లో గిన్నెలు అటుదిటు అయ్యాయి. మరోసారి మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. ఇవన్నీ సాయమే కదా అని సరిపెట్టుకున్నాను. మరుసటి ఏడాది నాకు మూడో నెలలో గర్భం పోయింది. ఆస్పత్రి కాగితాలు ఒక కవర్లో పెట్టి అలమారలో చీరల కింద దాచుకున్నాను. మా అత్తగారికి చెప్పలేదు. మా అమ్మకి కూడా, ఎదురుగా కూర్చుని చెబుదామని, ఇంకా చెప్పలేదు. వారం తిరక్కుండా కింద కుళాయి దగ్గర పక్కవాటా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఏం దిగులుపడకమ్మాయ్, మా చెల్లెలికీ ఇలాగే అయ్యింది, తర్వాత ఇద్దరు పుట్టారు" అంది.

ఆవిడ ఓదార్పు కోసమే అంది. నాకు మాత్రం బిందె చేతిలో నిలవలేదు. మేడ మీదికి వచ్చి అలమార తీసి చూస్తే కవరు చీరల కిందే ఉంది, కాకపోతే తిరగేసి ఉంది.

ఆ రోజు నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఇంటివారు మన గదుల్లోకి వస్తే పోయేది గదుల శుభ్రమో, కూర రుచో కాదు. ఏ మాట ఎవరికి ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు పోతుంది. మన భాషలో చాటు, మరుగు అని మంచి మాటలున్నాయి. ఈ రోజుల్లో పుస్తకాల్లో గోప్యత అని రాస్తున్నారు గానీ, నాకు చాటు అంటేనే బాగా తెలుస్తుంది. బాధపడ్డానికి చాటు కావాలి, మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోడానికి చాటు కావాలి, ఆరోజు ఇంట్లో ఉత్త చారు మాత్రమే కాస్తే అది తినడానికీ చాటు కావాలి.

ఇంటివారందరూ చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. వాటాల ఇళ్ళ అలవాటు అలాంటిది. ఒకే నుయ్యి, ఒకే పెరడు, ఒకే వీధి తలుపు. ఇంటివారూ అద్దెవారూ ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకుని పెంచిన రోజులవి. అక్కడ ఎవరింట్లోకి ఎవరు వెళ్ళినా తప్పనిపించేది కాదు. ఆ మంచి మనం పోగొట్టుకోనక్కరలేదు. కానీ ఆ రాకపోకలు రెండువైపులా ఉండేవి. మీ ఇంటావిడ మీ వంటింట్లోకి వచ్చినంత చనువుగా మీరు ఆవిడ పడకగదిలోకి వెళ్ళగలరా? వెళ్ళలేరు కదా. అలాంటప్పుడు దాన్ని చనువు అనుకోడానికి లేదు. అది పెత్తనమే.

"నా ఇల్లు, నేను రాకూడదా?" అంటారు. ఈ ప్రశ్నకి చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అని ఒకటుంది. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, అద్దె సరిగా కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం అద్దెదారు ఆ ఇంటిని ఏ ఆటంకమూ లేకుండా అనుభవించవచ్చునని అందులోని 108వ సెక్షను చెబుతుంది. అదే సెక్షనులో ఇంటివారి మాట కూడా ఉంది. సమంజసమైన వేళల్లో వచ్చి ఇల్లు ఏ స్థితిలో ఉందో చూసుకోడానికి మనం అడ్డు చెప్పకూడదు. అంటే ఇల్లు వాళ్ళదే, కాదనం. అద్దె తీసుకున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో కాపురం మనది.

ఈ సమంజసమైన వేళ అంటే ఏమిటన్నది ఇంకొంచెం విడమరిచి 2021లో కేంద్ర ప్రభుత్వం నమూనా అద్దె చట్టంలో రాశారు. ఇంటివారు లోపలికి రావాలంటే కనీసం ఇరవైనాలుగు గంటల ముందు రాతపూర్వకంగా గానీ, ఫోను సందేశం వంటి వాటి ద్వారా గానీ తెలపాలి. ఏ రోజు, ఏ వేళకి, ఏ పని మీద వస్తున్నారో చెప్పాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అగ్నిప్రమాదం, వరద, తుఫాను లాంటి ఆపదలకి ఈ నియమం లేదు. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ శాసనసభల్లో చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి "చట్టం ఉంది తెలుసా" అని దాన్ని పట్టుకుని మెట్ల మీద పోట్లాటకి దిగకండి. దానివల్ల మనకి పనికొచ్చేది ఏమిటంటే, ఏది న్యాయమో పెద్దలు ఒకచోట రాసి పెట్టారు. మీ ఒప్పందం కాగితంలో ఆ మాటలే రాయించుకోవచ్చు. అప్పుడది ఇద్దరూ సంతకం పెట్టిన మాట అవుతుంది.

2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పిన సంగతి మీరు వినే ఉంటారు. అది ముఖ్యంగా ప్రభుత్వానికీ మనకీ మధ్య మాట. ఇంటావిడ మీదికి దాన్ని తీసుకెళ్ళడం అంత తేలిక కాదు. అయినా మన చాటు మనకి ఉండాలనుకోవడం గొంతెమ్మ కోరిక కాదని ఆ తీర్పు చూస్తే తెలుస్తుంది.

ఇక చేయవలసిన పని. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మనం ఏం చూస్తాం? నీళ్ళు వస్తాయా, గాలి వస్తుందా, స్కూలు దగ్గరా, వాస్తు ఉందా. వీటితోపాటు ఇంకొకటి చూడండి. అప్పుడు ఆ ఇంట్లో ఉన్న అద్దెవాళ్ళ దగ్గరికి ఇంటివారు మిమ్మల్ని ఎలా తీసుకెళ్ళారు? తలుపు కొట్టి, పిలిచి, వాళ్ళు రమ్మన్నాక వెళ్ళారా, లేక తోసుకుని వెళ్ళి "ఇదిగో ఇది పడకగది" అని మంచం మీద పడుకున్న మనిషి ఎదురుగానే చూపించారా? రేపు మీకు జరిగేదీ అదే. ఈ ఒక్కటి చూసి నేను రెండు ఇళ్ళు వదులుకున్నాను. అందులో ఒకదానికి వెన్నెల పడే డాబా ఉండేది, ఇప్పటికీ గుర్తొస్తుంది.

కాగితం రాసుకునేటప్పుడు ఆ పదకొండు నెలల ఒప్పందం అచ్చు కాగితాన్ని మగవాళ్ళకి వదిలేయకండి. పగలంతా ఆ ఇంట్లో ఉండేది మనం. అందులో మూడు మాటలు ఉండేలా చూడండి. ముందుగా చెప్పి, మనం ఇంట్లో ఉండగా మాత్రమే లోపలికి రావాలన్నది ఒకటి. తాళాలు ఎవరి దగ్గర ఎన్ని ఉంటాయన్నది ఒకటి. ఖాళీ చేయాలన్నా, చేయించాలన్నా ఎన్నాళ్ళ గడువన్నది ఒకటి. ఇవి అడిగితే ఇల్లు ఇవ్వరేమోనని భయం ఉంటుంది. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారి సంగతి అడ్వాన్సు చేతికి ఇవ్వకముందే తెలిసిపోతుంది కదా.

తాళం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బయట వేసే తాళంకప్ప మీ సొంతది కొనుక్కోండి. తలుపుకే బిగించిన తాళమైతే ఇంటివారికి చెప్పి, మీ ఖర్చుతో మార్పించుకుని, పాతది నూనె రాసి గుడ్డలో చుట్టి దాచండి, ఖాళీ చేసేనాడు మళ్ళీ బిగించి ఇవ్వవచ్చు. "పైపు పగిలితే ఎలా, షార్టు సర్క్యూటైతే ఎలా" అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి మా వదిన ఒక ఉపాయం చేసింది. రెండో తాళం చెవి ఒక కవర్లో పెట్టి అంటించి, అంటించినచోట అడ్డంగా తనూ ఇంటాయనా సంతకాలు చేసి ఆయనకే ఇచ్చింది. ఆపదొస్తే చింపవచ్చు. ఊరికే చింపితే తెలిసిపోతుంది. ఏడేళ్ళు ఉన్నారు ఆ ఇంట్లో, ఖాళీ చేసేటప్పుడు ఆ కవరు అలాగే తిరిగి ఇచ్చాడాయన. లోపలివైపు గొళ్ళెం మాత్రం పగటిపూట కూడా వేసి ఉంచుకోండి. గొళ్ళెం వేసుంటే ఎవరైనా తలుపు కొట్టక తప్పదు.

మాట చెప్పే తీరు అన్నిటికన్నా కష్టం. మనకి నోరు పెగలదు. ఎందుకంటే పెద్దవాళ్ళు, పైగా మన అవసరం వాళ్ళతో. నేను సత్యనారాయణపురంలో ఏం చేశానో చెబుతాను. నాలుగు రోజులు ఏడ్చి, ఐదో రోజు కిందికి వెళ్ళాను. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని వలుస్తూ, "పిన్నిగారూ, ఆ రెండో తాళం చెవి నాకు ఇచ్చేయండి" అన్నాను. "ఏమ్మా, నేనేమైనా దొంగనా?" అంది. "దొంగలైతే డబ్బు పట్టుకెళ్ళేవాళ్ళు పిన్నిగారూ. నా డబ్బు ఎక్కడికీ పోలేదు, నా మాట పోయింది" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్ళి తాళం చెవి తెచ్చి చేటలో పడేసింది. తర్వాత రెండు నెలలు మాటల్లేవు. ఆ సంక్రాంతికి అరిసెలు పంపింది. ఉగాదికి అద్దె రెండు వందలు పెంచింది. మేము ఏడాది తిరిగేసరికి ఇల్లు మారాం. ఇది గెలుపో ఓటమో నాకు తెలియదు గానీ, ఆ ఏడాదీ నా అలమార నేనే తీశాను, నేనే వేశాను.

మీరు అంత దాకా రానివ్వకండి. మొదటిసారి వచ్చినప్పుడే, నవ్వుతూనే, గుమ్మంలోనే నిలబడి మాట్లాడండి. "ఇప్పుడు స్నానానికి వెళ్తున్నాను అత్తయ్యగారూ, సాయంత్రం నేనే కిందికి వస్తాను" అంటే తప్పేమీ లేదు. "అమ్మాయి పరీక్షలకి చదువుకుంటోంది, వచ్చేముందు ఒక్క ఫోను చేయండి బాబాయిగారూ" అనవచ్చు. పరీక్షలయ్యాక కూడా ఆ అలవాటు మిగులుతుంది. అయినా వినకపోతే వాట్సాప్‌లో మర్యాదగా ఒక ముక్క రాయండి. రాత ఉంటే రేపు ఎవరి ముందైనా చూపించవచ్చు. అద్దె కూడా బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో కట్టండి, లేదా రసీదు తీసుకోండి. అద్దె బాకీ ఉన్నవాళ్ళు గట్టిగా మాట్లాడలేరు.

వాళ్ళ న్యాయమైన అవసరాలకి మనం అడ్డు తగలకూడదు. ట్యాంకు మన వరండా మీదుగా ఎక్కాలంటే దారి ఇవ్వాలి. గోడకి చెమ్మ పడితే చూపించాలి. ఖాళీ చేస్తామని చెప్పాక కొత్తవాళ్ళకి ఇల్లు చూపించడానికి వీలైన వేళ చెప్పాలి. అద్దెకున్నవారి వివరాలు పోలీసు స్టేషనులో ఇవ్వడానికి ఆధార్ నకలు అడుగుతారు, ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు దాని మీద "అద్దె ఇంటి నిమిత్తం మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. మీ జీతమెంత, చుట్టాలు ఎన్నాళ్ళుంటారు, రెండో కానుపు ఎప్పుడు, ఇవి ఏ స్టేషనులోనూ అడగరు.

కెమెరాలు ఇప్పుడు కొత్త తలనొప్పి. గేటు దగ్గర, వీధివైపు పెడితే అందరికీ మంచిదే. అది మన గుమ్మంలోకో, పడకగది కిటికీలోకో, బట్టలారేసుకునే చోటికో తిరిగి ఉంటే ఊరుకోకండి. మా చెల్లెలు హైదరాబాదులో ఇంటాయన్ని నెమ్మదిగా అడిగింది, "అన్నయ్యగారూ, మీ ఫోన్లో మా గుమ్మం ఎంతవరకు కనపడుతుందో ఒకసారి చూపిస్తారా?" అని. ఆయన భార్య పక్కనే ఉంది. చూసింది. సాయంత్రానికి కెమెరా తిరిగిపోయింది.

కిటికీలోంచి తొంగిచూడ్డం, చాటుగా ఫొటోలు తీయడం లాంటివి జరిగితే మాత్రం ఇది ఇంటివారి తగువు కాదు, నేరం. ఆడది ఒంటరిగా, బట్టలు మార్చుకుంటున్నప్పుడో స్నానం చేస్తున్నప్పుడో చూసినా చిత్రాలు తీసినా, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను కింద మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్ళ దాకా జైలు. బెదిరించాలనో, అవమానించాలనో ఇంట్లో చొరబడితే దానికీ 329వ సెక్షను ఉంది. ఇలాంటి చోట సామరస్యం చూడకండి. పిల్లని ఎక్కడికైనా పంపేసి, 112కి ఫోను చేయండి.

ఇల్లు గలవారికీ ఒక మాట చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు నేనూ ఇల్లు గలదాన్నే. అప్పు చేసి చిన్న డాబా వేసుకున్నాం, పైవాటా ఒక కొత్త జంటకి ఇచ్చాం. పోయిన వేసవిలో ఆవకాయ కలిపి, ఒక గిన్నెలో పెట్టుకుని, తలుపు ఓరగా ఉంటే తోసుకుని వెళ్ళిపోయాను. ఆ అమ్మాయి నేల మీద కూర్చుని ఫోన్లో వాళ్ళమ్మతో ఏడుస్తోంది. నన్ను చూసి గబగబా కళ్ళు తుడుచుకుని లేచి, "రండి ఆంటీ" అంది. అచ్చం నేను ఇరవై ఏళ్ళ కిందట అన్నట్టే అంది. గిన్నె ఇచ్చి వచ్చేశాను. మర్నాటి నుంచి ఆ తలుపుకి పగలు కూడా గొళ్ళెం పడింది. ఎందుకేడ్చిందో నేను అడగలేదు, మా ఆయనకి కూడా చెప్పలేదు. ఇప్పుడు పని ఉంటే మెట్ల కింద నుంచే పిలుస్తున్నాను.

చివరగా బెదిరింపుల సంగతి. "ఇష్టమైతే ఉండండి, లేకపోతే రేపే ఖాళీ చేయండి" అంటారు. రేపే ఎవరూ ఖాళీ చేయించలేరు. కాగితంలో గడువు రాసుకుని ఉంటే అంత గడువు, ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని ఆ 1882 చట్టంలోనే ఉంది. మీరు కదలకపోతే కోర్టు ద్వారా వెళ్ళాలే గానీ సామాను వీధిలో పడేయకూడదు. నీళ్ళో కరెంటో ఆపేయడాన్ని మన రాష్ట్రంలో 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టమే నిషేధించింది. కొత్త ఇళ్ళకీ, ఒక పరిమితి దాటిన అద్దె ఇళ్ళకీ ఆ చట్టం వర్తించలేదు. అందుకని మీ ఇంటికి ఏ చట్టం వర్తిస్తుందో అడిగి తెలుసుకోవాలి. దానికి ప్లీడరు ఫీజు గురించి భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, సంపాదనతో పని లేకుండా, ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోను నెంబరు 15100. వెళ్ళేటప్పుడు ఒప్పందం కాగితం, అద్దె కట్టిన రుజువులు, మీరు రాసిన ఆ వాట్సాప్ ముక్క పట్టుకెళ్ళండి.

పోట్లాడే ఓపిక లేకపోతే ఇల్లు మారడం కూడా తప్పు కాదు. మారేముందు గోడలు, కుళాయిలు, స్విచ్చిబోర్డులు ఫొటోలు తీసుకోండి. తాళాలు లెక్కపెట్టి ఇచ్చి, అడ్వాన్సు చేతికి వచ్చాకే సామాను బండి ఎక్కించండి.